చిన్నాయన నాలుక

మొన్న దామరచర్లలో క్యాంపు పెట్టినప్పుడు ఒక తాపీమేస్త్రీ వచ్చి కుర్చీలో కూర్చుని నోరు తెరిచాడు. నేను లేజర్ లైటు వేశాను. నాలుక నాలుకంతా పసుపు రంగులో ధగధగా మెరిసిపోయింది. నాకు నవ్వాగలేదు. పాపం, ఆయన బిత్తరపోయాడు. నోట్లో ఏం రోగముందోనని బిక్కుబిక్కుమంటూ వచ్చిన మనిషి ముందు, పరీక్ష చేసే మనిషే పకపకా నవ్వితే ఏమనుకుంటాడు? ఏమైంది మేడమ్ అని అడిగాడు, తెరిచిన నోరు మూయకుండానే. ఏమీ కాలేదు నాయనా, పొద్దున్నే పులిహోర తిని వచ్చినట్టున్నావు, వెళ్లి బాగా పుక్కిలించి రా అని పంపించాను. నవ్వెందుకొచ్చిందో మాత్రం చెప్పలేదు. అది చెప్పాలంటే చిన్నాయన సంగతంతా చెప్పాలి. బయటేమో అప్పటికే లైను పెరిగిపోతోంది.

ఇప్పుడు లైనేమీ లేదు కాబట్టి తీరిగ్గా చెబుతాను.

మాది సూర్యాపేటలోని ఒక ఆస్పత్రి వాళ్లు నోటి క్యాన్సర్ పరీక్షల కోసం ఊళ్లకు పంపే వ్యాను. లోపల నల్ల పరదాలు, ఒక కుర్చీ, ఒక కెమెరా, ఒక లేజర్ లైటు. ఊదారంగు వెలుగు. దాన్ని నోట్లోకి వేస్తే ఆరోగ్యంగా ఉన్న కండ ఆకుపచ్చగా మెరుస్తుంది. ఎక్కడైనా గడ్డ మొదలవుతుంటే అక్కడ మెరుపు చచ్చిపోయి నల్లటి మచ్చ పడుతుంది. మామూలు కంటికి ఇంకా ఏమీ తెలియని రోజుల్లోనే ఈ లైటు పట్టేస్తుంది. అలాగని నల్లగా కనబడ్డదల్లా క్యాన్సర్ కాదు. పన్ను గీరుకున్నా, పుండు పడ్డా నల్లగానే కనబడొచ్చు. అందుకే అనుమానం వచ్చిన చోట మా డాక్టరమ్మ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపిస్తుంది.

ఇంత తెలివైన లైటునూ బోల్తా కొట్టించేది ఒకటుంది. పసుపు. పసుపు మీద ఆ వెలుగు పడిందా, ఇక చిచ్చుబుడ్డే. కింద నల్లమచ్చ ఉన్నా కనబడి చావదు. మనవాళ్ల నోళ్లలో పసుపు లేని పూట ఏది? పప్పులో పసుపు, కూరలో పసుపు, పులిహోరలో పసుపు. అందుకని వ్యాను ఎక్కేముందు ప్రతి మనిషీ శుభ్రంగా పుక్కిలించాలి. మెట్టు పక్కన బకెట్టు, మగ్గు పెట్టుకుని ఆ పని చేయించేవాడు మా వ్యాను డ్రైవర్. ఆయనే చిన్నాయన.

ఆయనకు అసలు పేరొకటి ఉంది కానీ అది జీతం ఇచ్చేవాళ్లకు తప్ప ఎవరికీ పట్టలేదు. నేను కోదాడ మనిషిని. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు, బాబాయ్ వ్యాను కొంచెం ముందుకు పెట్టు అన్నాను. స్టీరింగ్ వదిలేసి వెనక్కి తిరిగి చూశాడు. బాబాయ్ గీబాయ్ మీ కోదాడ కాడనే పెట్టుకో బిడ్డా, ఆత్మకూరోళ్లకు చిన్నాయన అంటెనే చెవులు ఇనపడ్తయ్ అన్నాడు. అట్లా నేను చిన్నాయన అనడం మొదలుపెడితే, డాక్టరమ్మ అంది, నర్సులన్నారు, చివరికి క్యాంపుకొచ్చిన ఎనభై ఏళ్ల ముసలివాళ్లు కూడా అన్నారు. కోపమొచ్చినప్పుడు మాత్రం నాకు కోదాడ భాషే వచ్చేస్తుంది. బాబాయ్ అన్నానంటే ఆ రోజు తనకు మూడిందని ఆయనకు తెలిసిపోయేది.

మనిషి పొట్టి. మీసం పెద్దది. తలకు తువ్వాల లేకుండా నేను చూడలేదు. ఆత్మకూర్‌లో వాళ్లది గొర్ల కుటుంబం. తమ్ముడి దగ్గర ఇప్పటికీ మంద ఉంది. ఈయన కుర్రతనంలోనే లారీ ఎక్కి, దేశమంతా తిరిగి, చివరికి మా వ్యాను దగ్గర తేలాడు. లారీ ఎక్కినా, వ్యాను ఎక్కినా గొర్రెలు మాత్రం ఆయన లోంచి దిగిపోలేదు. గొర్రె వయసు చూడాలంటే పళ్లు చూస్తారు. పెదవి పక్కన బొటనవేలు పెట్టి ఒక్క నొక్కు నొక్కితే గొర్రె నోరు తెరుస్తుంది. రెండు పళ్లదా, నాలుగు పళ్లదా, నోరు నిండిందా అని అప్పుడు చెబుతారు. చిన్నాయన మనుషులకూ అదే లెక్క కట్టేవాడు. నర్సింగ్ చదివొచ్చిన అమ్మాయిని చూసి గీమె ఇంక రెండు పండ్ల మీదున్నది అనేవాడు. నా గురించి అడిగితే, నోరు నిండింది, అందుకే గంత మాట్లాడ్తది అన్నాడు. ఆయన నన్ను అనడం!

ఎందుకంటే మాట్లాడటం ఆయన పని, మిగతావన్నీ మధ్యమధ్యలో చేసేవాడు. వాళ్లావిడ, నాకు చిన్నమ్మ, జర ఊకో అనేది. ఇంటికి వెళ్లినప్పుడల్లా ఎన్నిసార్లు అంటుందో లెక్కపెట్టబోయి మానేసేదాన్ని. టీ పోస్తూ ఊకో, కూర వడ్డిస్తూ ఊకో, వాకిలి ఊడుస్తూ లోపలున్న మనిషికి వినబడేట్టు ఊకో. ఆయన ఒక్కసారి కూడా ఊరుకోలేదు. పెండ్లయిన కాంచి గదే మాట అంటున్నది, ఇంటె ఏమన్న ఉంటదా, ఇల్లు సప్పగ ఉండదూ అనేవాడు నాతో.

ఆ నోరే మా వ్యానుకు పెట్రోలు. మునగాల దగ్గర హైవే ధాబాల ముందు వ్యాను ఆపేవాళ్లం. లారీ డ్రైవర్లు నోట్లో గుట్కా పెట్టుకుని మమ్మల్ని చూసి ముఖం తిప్పుకునేవాళ్లు. చిన్నాయన టీ గ్లాసు పట్టుకుని వాళ్ల పక్కన మంచం మీద చతికిలబడేవాడు. టైర్ల గాలి ఉన్నదా చూస్తవ్, ఇంజన్ల ఆయిలున్నదా చూస్తవ్, నీ నోట్లె ఏమున్నదో ఎన్నడన్న చూసినవా తమ్మీ అని మొదలుపెట్టేవాడు. టీ అయ్యేలోగా ఆ తమ్మి బకెట్టు దగ్గరుండేవాడు. కోదాడలో ఆడవాళ్లు పరాయి మగవాడి ముందు నోరు తెరవడానికి సిగ్గుపడితే, ఈయన వాళ్లకు వీపు పెట్టి నిలబడి, ఆకాశం వైపు చూస్తూ తప్పిపోయిన పొట్టేలు కథ చెప్పేవాడు. కథ వింటూ వింటూ వాళ్లు పుక్కిలించేవాళ్లు. లేజర్ కోసం పెట్టుకునే నారింజ రంగు కళ్లద్దాలు అందరికీ తనే తొడిగేవాడు. పెద్ద మీసం మీద ఆ అద్దాలు తను పెట్టుకుంటే మాత్రం చూడలేకపోయేవాళ్లం.

బకెట్టు దగ్గర మాత్రం కనికరం లేదు. మొదట్లో ఆయనకు ఈ పసుపు గొడవ ఎక్కలేదు. గొర్రెకు పుండైతె మేం పసుపే పెడ్తం, గది మందు గాదా అని డాక్టరమ్మతో వాదించాడు. ఆమె విసుగుపడకుండా లోపలికి పిలిచి, వేలికి పసుపు రాసుకుని లైటు కింద పెట్టి చూపించింది. చిన్నాయన తన వేలికీ పసుపు రాసుకుని లైటు కింద పెట్టి చూసుకున్నాడు. అంతే, ఆ రోజు నుంచీ సర్పంచ్ వచ్చినా సరే, మల్లొకసారి పుక్కిలించు అనేవాడు. మింగుతున్నవ్, మింగుడు గాదు, ఉమ్ముడు అని కేకలేసేవాడు.

ఇంతమంది నోళ్లు కడిగించిన మనిషి తన నోరు మాత్రం మాకు చూపించలేదు. లారీ రోజుల నుంచీ పొగాకు, సున్నం కలిపి బుగ్గన పెట్టే అలవాటు. మానేశానని మాకు చెప్పాడు. వ్యాను వెనక్కి వెళ్లి చూస్తే బుగ్గ ఉబ్బి ఉండేది. ఏంటి చిన్నాయనా ఇది అంటే, నేను మానేసిన బిడ్డా, గీ నోరే మానలేదు అనేవాడు. నవ్వు రాకుండా కోప్పడటం ఎంత కష్టమో ఆయన దగ్గరే తెలిసింది. కుర్చీలో కూర్చోమంటే రేపన్నాడు. ఆ రేపు ఏళ్ల తరబడి రాలేదు.

ఒక ఎండాకాలంలో నాకు అనుమానం వచ్చింది. ధాబాలో కూర్చుంటే పచ్చిమిరపకాయలు అదనంగా అడిగి నమిలే మనిషి, పెరుగన్నం కలుపుకుంటున్నాడు. నాలుగు మాటలకోసారి ఆగి గుటక వేస్తున్నాడు. అన్నం ఒకే పక్క నములుతున్నాడు. నేను ఊరుకోలేదు. అడిగాను, బతిమాలాను, డాక్టరమ్మకు చెబుతానన్నాను. పన్ను గుచ్చుకుంటోందని ఒకసారి, వేడి చేసిందని ఒకసారి చెప్పాడు. చివరికి కోదాడ క్యాంపులో వ్యాను తాళాలు తీసి నా బ్యాగులో వేసుకున్నాను. కుర్చీ ఎక్కితేగానీ తాళాలివ్వను, ఆత్మకూరుకు నడిచిపో అన్నాను. చిన్నాయన నా ముఖం చూశాడు. రేపు మిర్యాలగూడలో కూర్చుంటానని మీసం మీద ఒట్టు పెట్టాడు. తాళాలిచ్చాను.

మర్నాడు మిర్యాలగూడలో రైస్ మిల్లు ముందు వ్యాను ఆపీ ఆపగానే, జనం రాకముందే, తనంతట తనే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అద్దాలు కూడా పెట్టుకున్నాడు. నాకు ముచ్చటేసింది. పరదాలు వేసి లైటు వేశాను. బుగ్గలు చూశాను, బాగున్నాయి. చిగుళ్లు బాగున్నాయి. నాలుక బయట పెట్టమన్నాను.

నాలుక ఎడమ అంచు నిండా వెలుగే. నలుపన్న మాటే లేదు. మొదట నా గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఏమీ లేదు, ఊరికే భయపడ్డాను అనుకున్నాను. మళ్లీ చూశాను. నాలుకలో మిగతా అంతా మెత్తటి ఆకుపచ్చ. ఆ అంచు ఒక్కటే కళ్లు జిగేలుమనే పసుపు. పులిహోర తింటే నోరంతా మెరుస్తుంది, ఎవరికైనా. ఒక్క పక్కకే ఎలా వస్తుంది?

పసుపు తిన్నావా అని అడిగాను. పొద్దుగాల పులిహోర తిన్న అన్నాడు. ఒక్క పక్కతోనే తిన్నావా బాబాయ్ అన్నాను.

చిన్నాయన ఊరుకున్నాడు. ఆయన్ను అట్లా నేను ఎప్పుడూ చూడలేదు. అందరి చేతా పసుపు కడిగించిన మనిషి, ఆ లైటు దేన్ని చూడలేదో మా అందరికంటే బాగా తెలిసిన మనిషి, తెల్లారి లేచి, నెయ్యిలో పసుపు రంగరించి, సరిగ్గా పుండు మీదే పూసుకుని వచ్చాడు. మమ్మల్ని మోసం చేయడానికి. కాదు, లైటును మోసం చేయడానికి. నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. బయటికి వెళ్లి ఆయన బకెట్టు, ఆయన మగ్గు తెచ్చి ముందు పెట్టాను. పుక్కిలించు అన్నాను. పుక్కిలించాడు. మళ్లీ అన్నాను. నెయ్యి కదా, అంత తేలిగ్గా పోలేదు. గుడ్డముక్క తీసుకుని నేనే తుడిచాను. మళ్లీ లైటు వేశాను.

అంచున నల్లగా ఉంది. శెనగగింజ కంటే కొంచెం పెద్దది.

"నాలుక కోస్తరు బిడ్డా," అన్నాడు చిన్నాయన, అద్దాలు తీయకుండానే. "గొర్లు నా మాటకే వస్తయ్. మనుషులు నా మాటకే వస్తరు. చేతులు తీస్కోమను, కాళ్లు తీస్కోమను. నాకు నోరొక్కటే ఉన్నది."

చేతిలో ఉన్న గుడ్డముక్క బకెట్టులో పడేశాను.

"సగం నాలుక కోసినా మా అందరికంటే నువ్వే ఎక్కువ మాట్లాడతావు బాబాయ్," అన్నాను. "ముసలితనంలో చిన్నమ్మ కొంచెం సుఖపడుతుంది."

ఆయన నవ్వాడు. అద్దాల కింది నుంచి నీళ్లు కారుతుంటే నవ్వాడు. డాక్టరమ్మ ముక్క తీస్తానంటే నాలుక చాచాడు.

పరీక్షలో అనుకున్నదే వచ్చింది. కానీ తొందరగా దొరికింది, అంచు వరకే ఉంది, తీసేస్తే సరిపోతుందని హైదరాబాదు డాక్టర్లు చెప్పారు. తీసేశారు. మాట ఎంతవరకు వస్తుందన్నది మాత్రం పుండు మానితేగానీ చెప్పలేమన్నారు. ఆ రోజులు నేను ఎట్లా గడిపానో నాకే తెలుసు. తుడిచింది నేను కదా! ప్రాణం దక్కడం మంచిదే, కానీ ఆ మనిషి మూగగా ఆత్మకూర్ వాకిట్లో కూర్చుని ఉండటం కళ్లముందు కనబడేది. దాన్ని తలుచుకుంటే అన్నం సహించేది కాదు.

చూడటానికి హైదరాబాదు వెళ్లాను. చిన్నమ్మ మంచం పక్కన కింద కూర్చుని ఉంది. చిన్నాయన ముఖం వాచి ఉంది. నన్ను చూసి చెయ్యెత్తాడు, మాట్లాడలేదు. ఇప్పటిదాకా నోరు మెదపలేదని చిన్నమ్మ చెప్పింది. మాట్లాడమని డాక్టర్లు అడుగుతున్నా తల అడ్డంగా ఊపుతున్నాడట. మాట వస్తుందో రాదో తెలుసుకోవాలంటే భయం. నేను ఊళ్లో సంగతులన్నీ ఏకరువు పెట్టాను. కొత్త డ్రైవర్ వ్యాను ఎక్కడెక్కడ గీసుకున్నాడో చెప్పాను. ఉలకలేదు పలకలేదు. పొద్దుటి నుంచి నేను ఏమీ తినలేదని చిన్నమ్మ నా చేతిలో అన్నం డబ్బా పెట్టింది. పులిహోర. తింటూ తింటూ, ఇంకేదో చెబుదామని ఆయన వైపు తిరిగి నోరు తెరిచాను.

చిన్నాయన వేలు పెట్టి నా నోరు చూపించాడు. తర్వాత కిటికీ దగ్గరున్న నీళ్ల చెంబు చూపించాడు.

"పుక్కిలించు," అన్నాడు.

ముద్దగా, మొద్దుగా, నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నట్టు వచ్చింది ఆ మాట. కానీ వచ్చింది. చిన్నమ్మ లేచి నిలబడింది. ఆయన మళ్లీ అన్నాడు. అది ఇంకొంచెం బాగా వచ్చింది. ఇక ఆ పూట వార్డులో ఎవరినీ వదల్లేదు. పక్క మంచం వాళ్ల ఊరేదో, వాళ్ల వయసెంతో, ఎన్ని పళ్లో అన్నీ అడిగాడు. సాయంత్రానికి చిన్నమ్మ జర ఊకో అనేదాకా తెచ్చాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో సంతోషం చూడాలి.

తిరిగి పనిలోకి వచ్చాక మొదట ఎక్కడికి పోదామంటే మిర్యాలగూడ రైస్ మిల్లుకే పోదామన్నాడు. అక్కడ ఒక హమాలీ ఉండేవాడు. ఎన్ని క్యాంపులు పెట్టినా రాలేదు. నోరు చూపిస్తే నాలుక కోస్తారని అందరికీ చెప్పి ఇంకో నలుగురిని కూడా ఆపేసేవాడు. చిన్నాయన నేరుగా వెళ్లి అతని ముందు నిలబడి నాలుక బయట పెట్టాడు. ఒక పక్క తరిగిపోయిన నాలుక. "కోసిండ్రు," అన్నాడు. "చూడు, మాట్లాడుతనే ఉన్న. నువ్వే జెప్పు, ఎప్పుడు ఆపాలె?" హమాలీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బకెట్టు దగ్గరికి వచ్చాడు. వెనక ఆ నలుగురూ వచ్చారు.

పొగాకు నిజంగానే మానేశాడు. నోరు కూడా మానేసింది. ఎప్పటికప్పుడు వచ్చి కుర్చీలో కూర్చునేవాడు, ముందుగా తనే పుక్కిలించుకుని, నేను అడగకముందే నాలుక చాచి. తెర మీద ఆకుపచ్చ తప్ప ఏమీ ఉండేది కాదు. తర్వాత కళ్లు సరిగా ఆనక డ్రైవింగ్ మానేశాడు. తమ్ముడి మందతో కొంచెం దూరం నడిచేవాడు. మా క్యాంపు ఆత్మకూర్ దగ్గర పడితే బకెట్టు దగ్గరికి తనే వచ్చేసేవాడు.

పోయిన చలికాలంలో పోయాడు. నాలుక వల్ల కాదు. గుండె ఆగింది అన్నారు. నేను, డాక్టరమ్మ వ్యానులోనే వెళ్లాం. వాకిట్లో జనం, ఇవతల కట్టేసిన గొర్రెపిల్లలు. చిన్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడవటం లేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకుంది. ఎట్లా జరిగిందని అడిగాను.

మధ్యాహ్నం అన్నం తిన్నాడట. మంచం మీద ఒరిగాడట. మునగాల ధాబాలో ఎవరో డ్రైవర్ చేత ఎట్లా నోరు తెరిపించిందీ, నేను వ్యాను తాళాలు ఎట్లా దాచిందీ, అంతకుముందు వందసార్లు చెప్పిందే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడట.

"రేతిరి నిద్ర లేదు బిడ్డా, జర కన్ను మలుగుతున్నది," అంది చిన్నమ్మ. "ఊకో అన్న."

ఆమె గొర్రెపిల్లల వైపు చూసింది.

"ఊకున్నడు."